ఉప్పొంగే మనసుకు బాధ్యులెవరు?

చిన్నప్పుడు సత్యోపదేశ తరగతిలో మూల పాపాలు ఏడని, వాటిలో కోపం ఒకటని వల్లె వేశాం. ఆ పాఠం మంచిదే. కాని దాన్ని సగమే అర్థం చేసుకున్నందువల్ల, కోపం రావడమే పాపమన్న దిగులు మనలో చాలామందికి పట్టుకుంది. దుఃఖం సంగతీ అంతే. దేవునిమీద నమ్మకమున్న మనిషి ఇంతగా కుమిలిపోతాడా అని ఎదుటివారిని అడుగుతాం. ఒక్కోసారి మనల్ని మనమే ప్రశ్నించుకుంటాం. పిలవకుండానే వచ్చి, పొయ్యిమీది పాలలా క్షణంలో పొంగిపోయే ఆవేశానికి మనిషి ఎంతవరకు బాధ్యుడు? వేదాంత పండితులకు వదిలేసి ఊరుకోదగ్గ ప్రశ్న కాదిది. మన ఇళ్లలో, మన పిల్లల ఫోను మాటల్లో వారం వారం ఎదురవుతున్న ప్రశ్న.

1998 నవంబరులో హైదరాబాదు మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. రాళ్లగుట్టల మధ్య మొదలైన హైటెక్ సిటీ ఆ తర్వాత గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రాంగూడ దాకా అద్దాల మేడలుగా విస్తరించింది. గుంటూరు, కృష్ణా, ఖమ్మం, నల్లగొండ, వరంగల్ విచారణల్లో పుట్టి పెరిగిన మన బిడ్డలెందరో నేడు అక్కడ పనిచేస్తున్నారు. ఊళ్లో ఏడుపు వస్తే పక్కింటి పిన్ని ఉండేది. కోపం వస్తే చెరువుగట్టు ఉండేది. అక్కడ ఉన్నది హాస్టలు గది, అమెరికా వేళలకు తగ్గ షిఫ్టు, పనిని తూచి ఇచ్చే రేటింగు, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని బెంగ. నెలనెలా జీతం పడుతూనే ఉంటుంది కాబట్టి ఇంటివారికి ఇవేవీ కష్టాలుగా కనిపించవు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. అక్కడ పనిచేసే ఒక అమ్మాయి, వయసు 26. రాత్రి మీటింగులో అందరి ముందూ ఆమె పనిలో తప్పు పట్టారు. ముఖం వేడెక్కింది, చేతులు వణికాయి. మీటింగు కాగానే రాజీనామా ఉత్తరం టైపు చేసింది. ఓదార్చబోయిన స్నేహితురాలిమీద విరుచుకుపడింది. కాసేపటికి ఆ కోపం తనమీదికే తిరిగింది. తాను దేనికీ పనికిరానని, తాను లేకపోతేనే అందరికీ హాయి అని అనిపించసాగింది. ఇంటికి ఫోను చేసింది. నిద్రమత్తులో, కంగారులో తల్లి అన్నది: "ఇంత చిన్నదానికే ఏడుస్తారామ్మా? నీకేం తక్కువ చేశాం? జపమాల చెప్పుకుని పడుకో."

తల్లి మాటలో ప్రేమే ఉంది. జపమాల చెప్పుకోమనడంలోనూ తప్పు లేదు. కాని ఫోను పెట్టేసిన బిడ్డకు మిగిలిందేమిటి? ఉన్న బాధకు తోడు, బాధపడినందుకు మరో అపరాధభావం. పుండుమీద కారం చల్లినట్లయింది.

నరకంనుంచి బయటపడిన మనిషి

ఇలా అదుపు తప్పే మనసులకు సాయపడే చికిత్స ఒకటుంది. పేరు డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ. క్లుప్తంగా డి.బి.టి. అంటారు. దాన్ని రూపొందించిన మార్షా లినెహాన్ 1943లో అమెరికాలోని టల్సా నగరంలో ఒక కతోలిక కుటుంబంలో పుట్టారు. 1961లో, పదిహేడేళ్ల వయసులో, హార్ట్‌ఫర్డ్‌లోని మానసిక వైద్యశాలలో చేరారు. తనను తానే గాయపరచుకునేవారు, చావే శరణ్యమనుకునేవారు. ఒంటరి గదిలో ఉంచారు, బలమైన మందులిచ్చారు, విద్యుత్ చికిత్స చేశారు. రెండేళ్లకు పైగా అక్కడున్నా పెద్దగా గుణం కనిపించలేదు. ఆ రోజుల్లోనే ఆమె దేవునికి ఒక మొక్కు మొక్కుకున్నారు. తాను ఈ నరకంనుంచి బయటపడితే, తిరిగి వచ్చి మిగిలినవారిని బయటికి తెస్తానని.

1967లో షికాగోలో, సెనకిల్ మఠకన్యల ధ్యానకేంద్రంలోని ప్రార్థనాలయంలో సిలువవైపు చూస్తూ మోకరించి ఉండగా, ఆ చోటంతా బంగారు వెలుగుతో నిండినట్లు ఆమెకు అనుభవమైంది. తనను తాను ప్రేమించుకోగలనని అప్పుడు అనిపించింది. ఇక్కడ మనం శ్రద్ధగా గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ అనుభవంతో ఆమె మనసులోని తుఫానులు ఆగిపోలేదు. ఏడాది తర్వాత మళ్లీ నిరాశ ముంచుకొచ్చింది. మారిందల్లా ఒక్కటే. తనకు తాను హాని చేసుకోకుండా ఆ తుఫానును దాటగలిగారు. దేవుని కృప ఆమెకు దారి చూపింది. ఆ దారిలో నడవడం మాత్రం ఆమె ఒక్కొక్క అడుగుగా నేర్చుకోవలసి వచ్చింది.

షికాగోలో యేసుసభ గురువులు స్థాపించిన లొయోలా విశ్వవిద్యాలయంలో ఆమె మనస్తత్వ శాస్త్రం చదివి 1971లో డాక్టరేటు పొందారు. తర్వాత సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా, పదేపదే ఆత్మహత్యకు పాల్పడే స్త్రీలకు చికిత్స చేస్తూ ఈ పద్ధతికి రూపమిచ్చారు. 1991లో మొదటి పరీక్షా ఫలితాలు వెలువడ్డాయి. ఈ చికిత్స పొందినవారు తమకు తాము హాని చేసుకోవడం, ఆసుపత్రిలో గడిపే రోజులు తగ్గాయి. 2006లో వెలువడిన మరో అధ్యయనంలో 101 మంది స్త్రీలు పాల్గొన్నారు. అనుభవజ్ఞులైన ఇతర వైద్యుల దగ్గర చికిత్స పొందినవారితో పోలిస్తే, డి.బి.టి. పొందినవారిలో ఆత్మహత్యాయత్నాలు చేసినవారు దాదాపు సగమే. 2011 జూన్‌లో, 68 ఏళ్ల వయసులో, లినెహాన్ అదే హార్ట్‌ఫర్డ్ వైద్యశాలకు వెళ్లి, తానూ ఒకప్పుడు అక్కడి రోగినేనని అందరిముందూ చెప్పారు.

కావడికి రెండు కుండలు

మొదట్లో లినెహాన్ తన దగ్గరకు వచ్చినవారికి మారే పద్ధతులే నేర్పబోయారు. తప్పంతా తమదే అంటున్నారని వారు నొచ్చుకున్నారు. పోనీ, ఉన్నదున్నట్లు అంగీకరించి ఓదార్చితే, తమ బతుకు ఇలాగే తెల్లవారాలా అని కుంగిపోయారు. రెండూ కలిస్తేనే పని జరుగుతుందని ఆమెకు అర్థమైంది. ఆ చికిత్స పేరులోని 'డయలెక్టికల్' అన్న మాటకు ఇక్కడ అర్థం అదే. ఎదురెదురుగా కనిపించే రెండు సత్యాలను ఒకేసారి పట్టుకోవాలి. కావడి మోసేవాణ్ణి చూడండి. ఒకవైపే కుండ కడితే నాలుగడుగులు కూడా వేయలేడు. ఈ కావడిలో ఒక కుండ అంగీకారం, రెండోది మార్పు.

మొదటి కుండ ఎందుకు అవసరమో లినెహాన్ ఇలా వివరించారు. కొందరు పుట్టుకతోనే సున్నితమైన మనసుతో పుడతారు. త్వరగా నొచ్చుకుంటారు, తీవ్రంగా నొచ్చుకుంటారు, తేరుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది. అలాంటి బిడ్డ భావాలను చుట్టూ ఉన్నవారు పదేపదే కొట్టిపారేస్తే, తన మనసులో జరిగేదానికి పేరు పెట్టడం, దాన్ని నెమ్మదింపజేయడం ఆ బిడ్డకు అబ్బదు. గట్టిగా అరిస్తేనే ఎవరైనా వింటారన్న పాఠం మాత్రం ఒంటబడుతుంది. ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదన్న సామెతను మనం ఎంత తేలిగ్గా వాడతామో ఆలోచించండి. ఆ మాట వింటూ పెరిగిన కుర్రవాడు ఏడుపును దాచుకోవడం నేర్చుకుంటాడు, దాటడం నేర్చుకోడు. ఇందులో తల్లిదండ్రులను నిందించే ఉద్దేశం లేదు. నలుగురు బిడ్డల్లో ముగ్గురికి సరిపోయిన పెంపకం నాలుగోవాడికి సరిపోకపోవచ్చు.

నాలుగు విద్యలు

పూర్తి స్థాయి డి.బి.టి. సుమారు ఏడాది సాగుతుంది. వారానికోసారి చికిత్సకుడితో ముఖాముఖి మాట్లాడటం, వారానికోసారి బడిలో లాగా నలుగురితో కూర్చుని పాఠం నేర్చుకోవడం, అవసరమైనప్పుడు ఫోనులో సలహా తీసుకోవడం ఇందులో భాగాలు. చికిత్సకులు కూడా వారం వారం కలుసుకుని ఒకరికొకరు ఆసరా ఇచ్చుకుంటారు. రోగి ఏ రోజు ఏ భావం ఎంత బలంగా వచ్చిందో, ఏం చేశాడో ప్రతిరోజూ చీటీమీద రాసుకోవాలి. నేర్పేవి నాలుగు విద్యలు. వాటిని మన ఉదాహరణలోని అమ్మాయికి అన్వయించి చూద్దాం.

మొదటిది ఎరుక. 'నాకు కోపం వస్తోంది, గుండె దడదడలాడుతోంది, రాజీనామా చేయాలనిపిస్తోంది' అని జరుగుతున్నదాన్ని గమనించి పేరు పెట్టడం. చేయాలనిపించడం వేరు, చేయడం వేరు. ఆ రెంటి మధ్య జానెడు చోటు దొరికితే చాలు. ఈ విద్యలో లినెహాన్ జెన్ ధ్యానంనుంచి చాలా నేర్చుకున్నారు. క్రైస్తవ ధ్యాన సంప్రదాయమూ ఆమెకు తెలుసు. ఇది విని కంగారు పడనక్కరలేదు. చికిత్సలో ఏ మతాన్నీ బోధించరు. ఇతర మతాల్లోని సత్యాన్ని, పవిత్రతను శ్రీసభ తోసిపుచ్చదని రెండవ వాటికన్ మహాసభ 1965లోనే ప్రకటించింది.

రెండోది ఓర్పు. ఆవేశం శిఖరంమీద ఉన్నప్పుడు బుద్ధి పనిచేయదు. అప్పుడు సమస్యను తీర్చబోకుండా, దాన్ని ఇంకా చెడగొట్టకుండా ఆ గంట గడపడమే విజయం. చల్లని నీటితో ముఖం తడిపితే గుండె వేగం తగ్గుతుంది. గుండె జబ్బున్నవారు మాత్రం ముందు వైద్యుణ్ణి అడగాలి. ఊపిరి నెమ్మదిగా, దీర్ఘంగా వదలడం, కాసేపు చురుకుగా నడవడం కూడా పనిచేస్తాయి. ఎంత పెద్ద అలైనా లేచినట్లే పడుతుంది.

మూడోది భావాలను చక్కదిద్దుకోవడం. ముందు వాస్తవాలు చూడాలి. తప్పు పట్టింది ఒక ఫైలులోనా, మొత్తం మనిషిలోనా? కోపం లేదా సిగ్గు వాస్తవానికి మించి ఉంటే, అది లాగేవైపు కాక ఎదురువైపు నడవాలి. సిగ్గు ముసుగు తన్ని పడుకోమంటే, లేచి మర్నాడు ఆఫీసుకు వెళ్లాలి. నిద్ర, తిండి, నడక, మత్తుకు దూరంగా ఉండటం కూడా ఈ పాఠంలోవే. రాత్రి షిఫ్టులతో నిద్ర చెడిన ఒంట్లో మనసొక్కటే కుదురుగా ఉండాలంటే ఎలా?

నాలుగోది మనుషులతో నేర్పుగా మెలగడం. అడగవలసింది సూటిగా అడగడం, కాదనవలసింది మర్యాదగా కాదనడం, ఆ రెండూ చేస్తూ బంధాన్నీ ఆత్మగౌరవాన్నీ నిలుపుకోవడం. "తప్పుంటే దిద్దుకుంటాను సార్. కాని అందరిముందు కాకుండా విడిగా చెప్పండి" అనగలగడం ఒక విద్య. పుట్టుకతో అందరికీ రాదు, నేర్చుకుంటే వస్తుంది.

ఇక్కడ ఒక అనుమానం రావచ్చు. ఉద్యోగులను ఎంత పనికైనా ఓర్చుకునేలా తయారుచేయడానికే ఇదంతానా? కాదు. వాస్తవాలు చూసినప్పుడు కోపం న్యాయమైనదేనని తేలితే, పరిస్థితిని మార్చడానికి పూనుకోవాలని ఈ చికిత్సే చెబుతుంది. 1891లో పదమూడవ లియో పాపుగారు కార్మికుల న్యాయమైన వేతనం గురించి, విశ్రాంతి గురించి లేఖ రాశారు. అందులోని ధర్మం అద్దాల మేడలకూ వర్తిస్తుంది. ఓర్పు పేరుతో అన్యాయానికి తలవంచమనడం అంగీకారం కాదు.

పునీతులకు తెలిసిన సంగతి

ఇదంతా కొత్త శాస్త్రమే అయినా మనకు పూర్తిగా పరాయిది కాదు. పదమూడవ శతాబ్దంలో పునీత అక్వినాసు తోమాసు వారు మానవ భావావేశాలమీద సుదీర్ఘంగా రాశారు. కోపం, భయం, దుఃఖం తమంతట తాము పాపాలు కావని, బుద్ధి వాటిని ఎటు నడిపిస్తుందన్నదాన్ని బట్టి మంచిచెడ్డలు వస్తాయని బోధించారు. 1992 నాటి శ్రీసభ సత్యోపదేశ గ్రంథమూ అదే చెబుతోంది. అంతేకాదు, దుఃఖానికి మందులు చెబుతూ అక్వినాసు వారు కన్నీళ్లను, స్నేహితుల సానుభూతిని, సత్యధ్యానాన్ని పేర్కొని, వాటి సరసనే నిద్రను, స్నానాన్ని కూడా చేర్చారు! అంతటి వేదాంతి మనిషికి ఒళ్లుందని మరిచిపోలేదు.

లొయోలా పునీత ఇగ్నేషియస్ వారు ఆత్మ చీకటిలో ఉన్నప్పుడు మునుపటి నిర్ణయాలను మార్చవద్దన్నారు. ఆ చీకటి మనల్ని ఎటు లాగుతుందో దానికి ఎదురు నడవమన్నారు. అర్ధరాత్రి టైపు చేసిన రాజీనామా ఉత్తరాన్ని తెల్లవారేదాకా పంపకుండా ఆపడం అలాంటిదే. రాజుల మొదటి గ్రంథంలో ఏలీయా ప్రవక్తను చూడండి. ఇక చాలు, చావు రానిమ్మని చెట్టుకింద పడుకున్నాడు. దేవదూత మందలించలేదు, విశ్వాసం ఏమైందని అడగలేదు. రొట్టె పెట్టాడు, నీళ్లిచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. దూరప్రయాణం సంగతి ఆ తర్వాతే ఎత్తాడు. ముందు అంగీకారం, పిమ్మట నడక.

మరి బాధ్యత ఎవరిది?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఆవేశం రావడం తప్పు కాదంటే, అందరికీ తప్పించుకునే దారి చూపినట్లే గదా అని కొందరు పెద్దలు అనవచ్చు. నిజానికి డి.బి.టి. ఎవరినీ అంత తేలిగ్గా వదలదు. కట్టెలు తెంచుకున్న ప్రతి సందర్భాన్నీ, ఎక్కడ మొదలైంది, తర్వాత ఏమైంది, ఏ మలుపులో మరో దారి ఉండింది అని గొలుసులోని లంకెల్లా వెతికిస్తుంది. మన సమస్యలన్నింటినీ మనమే తెచ్చుకోలేదు. అయినా వాటిని తీర్చుకోవలసింది మాత్రం మనమే. ఇది ఈ చికిత్సకు మూలసూత్రాల్లో ఒకటి. మనకు తెలిసిన ఆత్మశోధనకు ఇది దగ్గరి చుట్టం. పాపసంకీర్తనం పాపాన్ని క్షమిస్తుంది. రాని విద్యను నేర్చుకోవడం మాత్రం క్షమాపణతో తీరే పని కాదు. ఈత రానివాడు మునిగిపోతే అది పాపం కాదు. గట్టుకు చేరిన తర్వాత, నేర్పేవారుండీ ఈత నేర్చుకోనంటేనే బాధ్యత మొదలవుతుంది.

శ్రీసభ కూడా ఈ తూకాన్ని ఎరుగును. ఆత్మహత్య తీవ్రమైన తప్పిదమని బోధిస్తూనే, తీవ్ర మానసిక వ్యథ మనిషి బాధ్యతను తగ్గించగలదని, అలా పోయినవారి రక్షణ విషయంలో నిరాశ పడరాదని సత్యోపదేశ గ్రంథం చెబుతోంది. 1917 నాటి శ్రీసభ చట్టం బుద్ధిపూర్వకంగా ప్రాణం తీసుకున్నవారికి అంత్యక్రియలు నిరాకరించింది. 1983 నాటి చట్టంలో ఆ నిషేధం లేదు. మన దేశపు చట్టమూ కదిలింది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారని భావించి ఆదుకోవాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. 2022లో ఒక్క ఏడాదిలో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నట్లు జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కతేల్చింది. నిందించే నోళ్లు తగ్గితే, వినే చెవులు పెరిగితే, వారిలో కొందరైనా మన మధ్య ఉండేవారు కాదా?

ఇంట్లో మనం చేయగలిగింది

వినడం అంటే సమర్థించడం కాదు. ఆ తల్లి ఇలా కూడా అనవచ్చు: "అందరిముందు అంటే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది తల్లీ. నీ మాట వింటున్నాను, చెప్పు. ముందు లేచి ముఖం కడుక్కుని రా. ఉత్తరం సంగతి రేపు చూసుకుందాం. ఇద్దరం కలిసి ఒక పదిసార్లు మరియమాతను తలుచుకుందాం." ఇందులో రాజీనామాను మెచ్చుకోలేదు, స్నేహితురాలిమీద అరవడాన్నీ మెచ్చుకోలేదు. బాధ నిజమని మాత్రం ఒప్పుకుంది. ప్రార్థనను విడువలేదు. బిడ్డను ఒంటరిగా ప్రార్థించుకోమని పంపకుండా తానూ పక్కన కూర్చుంది. ఒక్క మాట మరవకూడదు. 'చచ్చిపోవాలని ఉందా?' అని నేరుగా అడగడంవల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. మనసు విప్పి చెప్పుకునే చోటు దొరుకుతుంది. ఉందని చెబితే ఆ రాత్రి బిడ్డను ఒంటరిగా వదలకూడదు.

కోపం వచ్చే ప్రతి ఒక్కరికీ ఏడాది చికిత్స అక్కరలేదు. కాని పదేపదే తమను గాయపరచుకునేవారికి, చావు మాటలెత్తేవారికి, ఆవేశంలో బంధాలూ ఉద్యోగాలూ తెంచుకునేవారికి మంచిమాటలు చాలవు, వైద్యం కావాలి. పూర్తి స్థాయిలో డి.బి.టి. ఇచ్చేవారు మన దేశంలో ఇంకా తక్కువే. అయినా ఇందులోని విద్యలను నేర్పే మనస్తత్వ చికిత్సకులు హైదరాబాదులో ఉన్నారు. భారత పునరావాస మండలిలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు అవునో కాదో అడిగి తెలుసుకోవచ్చు. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్‌కు 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరును దేవాలయ ప్రకటనల పలకమీద రాసి ఉంచడానికి ఎవరి అనుమతికోసం ఎదురుచూడాలి?

పిల్లలను ఆ నగరానికి పంపేటప్పుడు పచ్చళ్లు కడతాం, జపమాల మెడలో వేస్తాం, ప్రతి ఆదివారం పూజకు వెళ్లమని చెబుతాం. వాటితోపాటు ఇంకొక్క మాట చెప్పి పంపుదాం: మనసు పొంగడం నీ తప్పు కాకపోవచ్చు, దాన్ని పట్టుకోవడం నేర్చుకునే పని మాత్రం నీదే, నువ్వు నేర్చుకునేదాకా ఏ రాత్రి ఫోను చేసినా వినే పని మాది.